చవక ల్యాప్‌టాప్‌కు ముందుగా కావలసింది రెండో ర్యామ్

తక్కువ ధర ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందంటే అందరూ ముందు ప్రాసెసర్‌నే అనుమానిస్తారు. నేను మాత్రం ముందు మెమరీని, అంటే నడుస్తున్న పనులను తాత్కాలికంగా ఉంచుకునే ర్యామ్‌ను చూడమంటాను. మా అక్క కూతురు తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది గాని, అదంతా ఒకే స్టిక్‌లో, అంటే ఒకే ర్యామ్ పట్టీలో ఉంది. ఇలాంటి వాటిలో గ్రాఫిక్స్‌కు వేరే మెమరీ ఉండదు కనుక, తెరపై బొమ్మ నడిపించడానికి కావలసిన భాగం కూడా ఆ 8 జీబీలోంచే పోతుంది. పైగా డీడీఆర్4 అనే రకం ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంటే డేటా 64 బిట్ల దారిలో ప్రయాణిస్తుంది. దానికి జతగా రెండోది అమర్చితే ఆ దారి 128 బిట్లవుతుంది. అంటే చోటుతో పాటు గ్రాఫిక్స్‌కు డేటా అందే వేగం కూడా పెరుగుతుంది. విండోస్ 11కు 4 జీబీ చాలునని మైక్రోసాఫ్ట్ చెప్పే మాట కనీస అర్హతే. బ్రౌజర్‌లో పాఠాలు వింటూ నోట్స్ రాసుకునే విద్యార్థికి అది ఏ మూలకూ సరిపోదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ కింద మెమరీని చూస్తే స్టిక్‌లు అమర్చే స్లాట్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయో తెలుస్తుంది. ర్యామ్‌ను బోర్డుకే అతికించిన మోడళ్లలో ఆ లెక్క తప్పుగా కనిపించవచ్చు కాబట్టి, డబ్బు పెట్టే ముందు మోడల్ వివరాలను తయారీదారు మాన్యువల్‌లో సరిచూసుకోవాలి. డీడీఆర్4 స్లాట్‌లో దాని తర్వాతి తరమైన డీడీఆర్5 స్టిక్ పట్టదు. మూత విప్పితే వారంటీ ఏమవుతుందో కూడా సర్వీస్ సెంటర్‌లో ముందే అడగడం మంచిది.

పైసా ఖర్చు లేని పనులు కూడా ఉన్నాయి. అదే టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాలో అవసరం లేనివాటిని ఆపేయాలి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్‌ను తీసేస్తే విండోస్‌లో ఉన్న డిఫెండర్ ఆ పని చూసుకుంటుంది. కొత్తలో అప్‌డేట్లు దిగుతూ ఉంటాయి, అవి పూర్తయ్యేదాకా వేగం గురించి ఒక నిర్ణయానికి రాకూడదు.

మన ఊళ్లో ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో తిరుపతి 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, హాస్టల్ మంచం మీద దుప్పటిపై ల్యాప్‌టాప్ పెడితే అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడు వేడి హద్దు దాటకుండా ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. గట్టి బల్ల మీద, వెనుక వైపు కొంచెం ఎత్తు పెట్టి వాడాలి.