మా జిరాక్స్ షాపు సీపీయూకి బ్లూటూత్ పెట్టుకున్న వైనం

కావలిలో మాది చిన్న జిరాక్స్ షాపు. టైపింగ్, ప్రింట్లు, లామినేషన్, ఆన్‌లైన్ దరఖాస్తులు అన్నీ చేస్తాం. వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఇప్పుడు కాగితం ఉండదు, ఫోన్ ఉంటుంది. "అక్కా, ఆధార్ ఫోటో దీంట్లో ఉండాది, ఒక ప్రింట్ తియ్యి" అని ఫోన్ చేతికిస్తారు. వాట్సాప్‌లో పంపమని చెప్పీ చెప్పీ నా నంబరు ఊరందరి ఫోన్లలోకీ చేరిపోయింది. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా "అక్కా, షాపు తెరిచుండాదా?" అని మెసేజీలు. పోనీ కేబుల్ పెడదామంటే ఒకరిది సి టైపు, ఇంకొకరిది పాత మైక్రో పిన్ను. పైగా కేబుల్ పెట్టాక ఫోన్లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ అని నొక్కకపోతే ఛార్జింగ్ ఎక్కుతుందే గానీ ఫోటో కనపడదు.

బ్లూటూత్ కావాలనుకోవడానికి నా సొంత కారణం ఇంకోటుంది. వాయిస్ రికార్డింగు విని టైపు చేసే పని మాకు బాగానే వస్తుంది. కొందరు ప్లీడర్లు అర్జీ మాటల్లో చెప్పి పంపుతారు, జవహర్ భారతి కాలేజీ పిల్లలు ప్రాజెక్టు రికార్డులు సగం రాసి, మిగతా సగం నోటితో చెప్పి వెళ్తారు. వైరు హెడ్‌ఫోను పెట్టుకుంటే గిరాకీ వచ్చి జిరాక్స్ మిషన్ దగ్గరికి లేచినప్పుడల్లా దాన్ని తీసి పెట్టాలి. వైరు లేకపోతే చెవిలో మాట నడుస్తూనే ఉంటుంది, చేతులు పేపరు పెడుతూనే ఉంటాయి.

మా సీపీయూ అసెంబుల్ చేయించింది. ఇంటర్నెట్ వైరుతోనే వస్తుంది. కొనేముందు దానిలో బ్లూటూత్ ఇప్పటికే ఉందేమో చూశాను. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్కు కొట్టి డివైస్ మేనేజర్ తెరిస్తే, ఉన్న కంప్యూటర్లో బ్లూటూత్ అనే వరస పైనే కనిపిస్తుంది. మాదాంట్లో లేదు. సీపీయూ వెనక యాంటెన్నా బిగించే ఇత్తడి మరలు కూడా లేవు. ఈ చూసుకోవడం ఎందుకంటే, విండోస్ ఒకేసారి ఒక్క బ్లూటూత్ రేడియోనే వాడుతుంది. లోపల ఒకటి ఉండగా బయట ఇంకోటి గుచ్చితే రెండూ కొట్టుకుంటాయి. లోపలిది పాడయ్యి కొత్తది కొన్నవాళ్లు ముందు ఆ పాతదాన్ని డివైస్ మేనేజర్లోనే డిసేబుల్ చెయ్యాలి. మా చెల్లెలి లాప్‌టాప్‌కి అట్టాగే చెయ్యాల్సి వచ్చింది.

టోనర్ కోసం నెల్లూరు వెళ్లినప్పుడు ట్రంకు రోడ్డులో ఒక కంప్యూటర్ షాపులో అడిగాను. కుర్రాడు గోరంత ఉన్న ముక్కలు బల్ల మీద పరిచాడు. చూడ్డానికి అన్నీ ఒకటే. ఒకటి వైఫై ఇచ్చేది, ఒకటి వైర్‌లెస్ మౌసుతో వచ్చే రిసీవరు, ఒకటి మనకు కావాల్సిన బ్లూటూత్ డాంగిల్, అంటే యూఎస్‌బీ పోర్టులో గుచ్చితే కంప్యూటర్‌కి బ్లూటూత్ ఇచ్చే ముక్క. మౌసు రిసీవర్ తన మౌసుతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు, అది పెట్టుకుని ఫోన్ కలుపుదామంటే కుదరదు.

"ఇది 5.3 అక్కా, లేటెస్టు. ఇది 4.0, పాతది. ఆరు నెలల్లో మార్చాల్సొస్తుంది, మీ ఇష్టం."

"అన్నా, 5.3 తీసుకుంటే ఫోన్ నుంచి ఫోటో తొందరగా వస్తుందా?"

"వస్తుందక్కా, డబుల్ స్పీడు!"

ఇక్కడే కొంచెం ఆగాలి. ఈ అంకెలు బ్లూటూత్ వెర్షన్లవి. 4.0 వచ్చింది 2010లో, 5.0 వచ్చింది 2016లో. 5.0తో పెరిగిన వేగం, పెరిగిన దూరం, రెండూ "లో ఎనర్జీ" (తక్కువ కరెంటుతో నడిచే) అనే దారికి సంబంధించినవి. చేతి వాచీలు, సెన్సర్లు, కొన్ని కీబోర్డులు, మౌసులు నడిచేది ఆ దారిలో. ఫైలు పంపడం, మామూలు హెడ్‌సెట్‌లో పాట వినడం ఇప్పటికీ క్లాసిక్ అనే పాత దారిలోనే. ఆ దారికి గరిష్ఠ వేగం సెకనుకు 3 మెగాబిట్లని 2004లోనే ఖాయమైంది, పెట్టె మీద ఏ అంకె వేసినా అది మారలేదు. చేతికి అందేది రెండుకు అటూ ఇటూ. ఎనిమిది మెగాబిట్లయితే ఒక ఎంబీ. నాలుగు ఎంబీ ఫోటో రావడానికి పావు నిమిషం పైనే పడుతుంది, నలభై ఎంబీ పీడీఎఫ్ అయితే మూడు నిమిషాలు తీరిగ్గా కూర్చోవాల్సిందే.

అందుకని నేను అంకె కాకుండా, లోపలి చిప్పు ఏ కంపెనీదని అడిగాను. కుర్రాడు పెట్టె తిప్పి తిప్పి చూసి, లోపలికెళ్లి అడిగొచ్చి, రియల్‌టెక్ అని చెప్పాడు. అదీ 5 తరహాదే, రూ.350కి వచ్చింది. పనిచెయ్యకపోతే వెనక్కి తీసుకుంటానని బిల్లు మీద రాయించుకున్నాను. ఆన్‌లైన్లో ఇంతకన్నా చవకవి దొరుకుతాయి. మా తమ్ముడు అట్టాంటిదే తెప్పించుకున్నాడు, దాని కథ కింద వస్తుంది.

గుచ్చగానే విండోస్ తనంతట తానే డ్రైవరు, అంటే ఆ ముక్కని నడిపించే సాఫ్ట్‌వేరు, వెతుక్కుంది. గడియారం పక్కన నీలం గుర్తు వచ్చింది. పెట్టెలో అరచేతిలో పట్టేంత చిన్న సీడీ ఒకటి ఇచ్చారు, ఈ రోజుల్లో సీడీ డ్రైవు ఎవరికి ఉందో వాళ్లకే తెలియాలి. డ్రైవరు దొరక్కపోతే ఇంటర్నెట్లో కనపడ్డ డ్రైవర్ అప్‌డేట్ చేసే సాఫ్ట్‌వేర్లన్నీ ఎక్కించుకోవద్దు, అవి వేరే తలనొప్పి తెస్తాయి. డివైస్ మేనేజర్లో ఆ డాంగిల్ మీద కుడి క్లిక్కు, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. అక్కడ వీఐడీ అని ఉండి పక్కన నాలుగక్షరాల అంకె ఉంటుంది, అది తయారీదారు గుర్తు. 0బీడీఏ అంటే రియల్‌టెక్, 0ఏ12 అంటే సీఎస్ఆర్ అనే ఇంకో చిప్పుల కంపెనీ. దాన్ని బట్టి తయారీదారు డ్రైవరే దించుకోవచ్చు.

తమ్ముడి డాంగిల్ కథ ఇదే. ఐడీ 0ఏ12 అనే చూపిస్తుంది, పక్కన పసుపు త్రికోణం, పరికరం మొదలవ్వదు. సీఎస్ఆర్ పేరూ అంకే పెట్టుకుని తిరిగే నకిలీ చిప్పులు మార్కెట్లో చాలా ఉన్నాయి, అసలు చిప్పు కోసం రాసిన డ్రైవరు వాటి మీద సరిగ్గా కూర్చోదు. వాడు రాత్రంతా డ్రైవర్లు మార్చి మార్చి ఎక్కించి, "ఏందక్కా ఇది, దెయ్యం పట్టినట్టుండాది" అని ఫోన్ చేశాడు. వెనక్కి పంపెయ్యమన్నాను. చవకరకం డాంగిల్ మీద అంత నిద్ర ఖర్చు పెట్టకూడదు.

ఇక ఫోన్ కలపడం. సెట్టింగ్స్‌లో బ్లూటూత్, యాడ్ డివైస్ అంటే చుట్టుపక్కల పేర్లు వస్తాయి. రెండు తెరల మీదా ఒకే ఆరంకెల నంబరు కనిపిస్తుంది, రెండూ ఒకటేనని చూసుకుని సరే అనాలి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. కలిపాక ఫోన్లోంచి ఫోటో పంపితే "పంపడం కుదరలేదు" అని వస్తుంది, చాలామంది డాంగిల్ పాడని అక్కడే వదిలేస్తారు. పాడు కాదు. గడియారం పక్కన ఉన్న నీలం గుర్తు మీద కుడి క్లిక్కు కొట్టి, రిసీవ్ ఎ ఫైల్ అనేది ముందు తెరిచి పెట్టాలి. కంప్యూటరు తలుపు తీసి కూర్చుంటేనే ఫోన్ పంపింది లోపలికొస్తుంది. వచ్చాక ఎక్కడ దాచాలో అడుగుతుంది, ఫినిష్ నొక్కితే గానీ దాచదు.

తుమ్మలపెంట నుంచి వచ్చే ఒకాయన, పడవ కాగితాల ఫోటోలు తరచూ ప్రింట్ తీయించుకుంటాడు. ఆయన ఫోన్ ఒకసారి కలిపాం, ఇప్పుడు బల్ల దగ్గరికి వచ్చి "తలుపు తీమ్మా" అంటాడు, నేను రిసీవ్ తెరుస్తాను. ఇట్టాంటి రోజువారీ వాళ్లకి బ్లూటూత్ బంగారం. దారిన పోతూ ఒక్క ప్రింట్ కోసం ఆగినవాళ్లకి మాత్రం కలిపి, పంపించుకుని, మళ్లీ ఆ ఫోన్ పేరు జాబితాలోంచి తీసెయ్యడం ఎక్కువ పని. వాళ్లకి ఇప్పటికీ కేబులే. ఐఫోన్ ఉన్నవాళ్లకి అసలు ఈ దారే లేదు, ఐఫోన్ బ్లూటూత్‌తో కంప్యూటర్‌కి ఫైలు పంపదు. అంటే నా వాట్సాప్ బాధ సగమే తగ్గింది.

హెడ్‌సెట్ దగ్గర అసలు పని పడింది. కుర్చీలో కూర్చుని వింటే శుభ్రంగా ఉంది. జిరాక్స్ మిషన్ దగ్గరికి, అంటే పట్టున పది అడుగులు నడిస్తే మాట ముక్కలైపోతోంది. బ్లూటూత్ పది మీటర్లు వస్తుందంటారు గదా, మరి ఇదేంది? హెడ్‌సెట్ తప్పేమో అని ఫోన్‌కి కలిపి చూశాను, వీధి చివరిదాకా కాకపోయినా షాపంతా బాగా వినిపించింది. కాబట్టి గొడవ సీపీయూ వైపే ఉంది.

మా సీపీయూ ఇనప బల్ల కింద, గోడ పక్కన ఉంటుంది. డాంగిల్ దాని వెనక నీలం రంగు యూఎస్‌బీ పోర్టులో ఉంది. పక్క పోర్టులో బ్యాకప్ కోసం పెట్టిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. ఇనుము అడ్డం ఉండటం ఒకటి. దానికన్నా పెద్దది ఆ నీలం పోర్టు. నీలం పోర్టంటే యూఎస్‌బీ 3.0. అది డేటా పంపేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తుందని 2012లో ఇంటెల్ సంస్థే కాగితం రాసి చెప్పింది. బ్లూటూత్ ఉండేది కూడా ఆ 2.4 లోనే. ఆ రేడియో పట్టీకి (బ్యాండుకి) మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు, అందుకే వైఫై రౌటరు, మౌసు రిసీవరు, పక్కింటివాళ్ల రౌటరు, అందరూ అక్కడే.

రౌటర్ గోల బ్లూటూత్‌కి అంత పెద్ద లెక్క కాదు. క్లాసిక్ బ్లూటూత్ 79 చానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ పోతుంది. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి, వైఫై ఆక్రమించిన చానెళ్లు కనిపెట్టి వాటిని వదిలేసి ఖాళీ వాటిలో గెంతడం కూడా నేర్చింది. యూఎస్‌బీ 3.0 రొద అట్టా ఒకచోట ఉండదు, పట్టీ అంతా పరుచుకుంటుంది. గెంతడానికి ఖాళీ ఎక్కడా మిగలదు. జాతర మైకు స్తంభం కిందే నిలబడి దూరంగా ఉన్న మనిషి మాట వినాలన్నట్టు ఉంటుంది మన డాంగిల్ పరిస్థితి. మైకు ఆపలేం, మనమే పక్కకి జరగాలి.

జరపడానికి కావాల్సింది మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్, అంతే. దాన్ని ముందువైపు నల్ల పోర్టులో, అంటే 2.0లో పెట్టి, రెండో కొసకి డాంగిల్ గుచ్చి, బల్ల మీదకి తెచ్చి మానిటర్ పక్కన టేపు వేసి అంటించాను. 2.0 పోర్టు తక్కువేమో అని సందేహపడక్కర్లేదు, అది సెకనుకు 480 మెగాబిట్లు మోస్తుంది, బ్లూటూత్‌కి కావాల్సింది 3. హార్డ్ డిస్కు నడుస్తున్నప్పుడు కూడా ఇప్పుడు జిరాక్స్ మిషన్ దగ్గర మాట తెగదు. వీపు కంప్యూటర్ వైపు తిప్పి, వంగి పేపరు ట్రే లాగినప్పుడు ఒక్కోసారి చిన్న గుటక పడుతుంది. మనిషి ఒంట్లో నీళ్లెక్కువ, ఈ తరంగాలని పీల్చేస్తుంది. దానికి మందు లేదు. డాంగిల్ కొనేవాళ్లెవరైనా పెట్టె మీది అంకెకి ఎక్కువిచ్చే బదులు ఆ డబ్బు ఈ కేబుల్ మీద పెడితే మేలని నా అభిప్రాయం.

ఇంకో చికాకు మైకుతో. గూగుల్ డాక్స్‌లో తెలుగు చెప్పి టైపు చేయించుకుందామని హెడ్‌సెట్ మైకు ఆన్ చేయగానే, చెవిలో వినపడే గొంతు పాత ల్యాండ్‌లైన్ ఫోన్లోలాగా మారిపోయింది. ఇది చెడిపోవడం కాదు. క్లాసిక్ బ్లూటూత్‌లో పాట వినే పద్ధతి వేరు, ఫోన్ మాట్లాడే పద్ధతి వేరు. మైకు తెరవగానే రెండో పద్ధతికి మారుతుంది, అక్కడ శబ్దం నాణ్యత 8 కిలోహెర్ట్జ్, బాగుంటే 16. నేను సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌కి హెడ్‌సెట్, ఇన్‌పుట్‌కి వైరున్న చిన్న కాలర్ మైకు పెట్టుకున్నాను. చెవిలో గొంతు మళ్లీ మనిషి గొంతయింది.

మధ్యాహ్నం అన్నానికి వెళ్లొచ్చేసరికి హెడ్‌సెట్ కలవకపోవడం కొన్నాళ్లు జరిగింది. డివైస్ మేనేజర్లో డాంగిల్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపేయొచ్చు అనే చోట టిక్కు తీసేశాక పోయింది.

ఇదంతా చూసి పక్క మొబైల్ షాపు అబ్బాయి "మరి కీబోర్డు కూడా బ్లూటూత్‌దే కొనుక్కో అక్కా" అన్నాడు. కొనలేదు. మామూలుగా బ్లూటూత్ కీబోర్డు విండోస్ లేచాకే పనిచేస్తుంది, కంప్యూటర్ మొరాయించి బయాస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందొచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లాల్సిన రోజున దాని మీద ఏ మీట నొక్కినా పలకదు. కొన్నా వైరు కీబోర్డు ఎటూ బల్ల కింద ఉంచుకోవాల్సిందే, అట్టాంటప్పుడు రెండెందుకు అన్నాను.