సొర ఆకు మీది తెలుపు వేరు, మందార మీది తెలుపు వేరు

మొన్న సంక్రాంతికి ముందు మా మేడ మీద కుండీల్లో నాలుగు రకాల మొక్కల మీద ఒకేసారి తెలుపు కనబడింది. సొరపాదు ఆకుల పైన గుండ్రటి తెల్ల మచ్చలు. తోటకూర ఆకుల మీద లేత పసుపు చుక్కలు, తిరగేస్తే వాటి కిందే తెల్ల పొక్కులు. టమాటా ఆకుల్లో వంకరటింకర తెల్ల గీతలు. మందార కొమ్మల సందుల్లో దూది ఉండల్లాంటి ముద్దలు. చేతికొచ్చిన సొర పిందెలు రాలిపోతాయేమోనని చాలా టెన్షన్ పడ్డాను.

పక్కింటి పిన్నిగారు చూసి, "కాస్త పొయ్యి బూడిద చల్లమ్మా, అదే పోతుంది" అన్నారు. నర్సరీలో అడిగితే ఆకులు చూడకుండానే ఒక పురుగుమందు సీసా ఇచ్చి, అన్నిటికీ ఇదే కొట్టండి అన్నారు. నేను తీసుకోలేదు. కోసుకుని వండుకునే తోటకూర మీద, అసలు జబ్బేమిటో తెలియకుండా మందు కొట్టడానికి మనసొప్పలేదు. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఆయన తెనాలి దగ్గర వరి కోశాక మాగాణిలో మినుము వేస్తారు. చలికాలంలో ఆ మినుముకి ఆకుల మీద తెలుపు రావడం ఆయన ఎన్నోసార్లు చూశారు.

"మందు సంగతి తర్వాత. ముందు ఆకుని వేలితో రుద్దు, తిరగేసి చూడు. ఊడొచ్చేది ఒకటి, ఊడనిది ఒకటి, కదిలేది ఇంకొకటి. అది తేలాక మాట్లాడుకుందాం" అన్నారు.

తెల్లారి భూతద్దం పట్టుకుని మేడెక్కాను. సొర ఆకుని రుద్దితే తెల్లటి పొడి వేలికి అంటింది, కింద ఆకు ఇంకా పచ్చగానే ఉంది. ఇది బూడిద తెగులు. నాన్న మినుములో చూసే లక్షణం కూడా ఇదే. మామూలుగా ఆకు తడిస్తే తెగులొస్తుంది అనుకుంటాం. బూడిద తెగులుకి ఆకు తడవాల్సిన పనిలేదు. పగలు పొడిగా ఉండి రాత్రి చల్లబడి గాలిలో తేమ పెరిగితే చాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర సరిగ్గా అదే వాతావరణం. దానికి తోడు మా పాదు పందిరి మీద ఆకు మీద ఆకు పడి గుబురుగా ఉంది. గాలి ఆడదు, లోపలి ఆకులకి ఎండ తగలదు.

ముందుగా బాగా తెల్లబడ్డ ముదురు ఆకుల్ని కత్తెరతో కోసి, కవర్లో కట్టి చెత్తబండికి ఇచ్చేశాను. కంపోస్టు డబ్బాలో వెయ్యలేదు. లోపల అడ్డదిడ్డంగా ఉన్న తీగలు కొన్ని తీసేసి పందిరికి గాలి ఆడేలా చేశాను. తర్వాత పాలు. వినడానికి వింతగా ఉంటుంది కానీ దీని వెనక పరిశోధన ఉంది. బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ అనే శాస్త్రవేత్త సొర కుటుంబానికే చెందిన జుకినీ మీద ఆవు పాలు నీళ్ళలో కలిపి కొట్టి, బూడిద తెగులు తగ్గుతుందని 1999లో ప్రచురించారు. నేను ఒక వంతు పాలకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, వారం వారం ఉదయం ఎండ పడే వేళ ఆకు పైన, అడుగున తడిసేలా కొట్టాను. మన ప్రకృతి వ్యవసాయం రైతులు ఇలాంటి తెగుళ్ళకి పుల్లటి మజ్జిగ కొడతారు. మా ఇంట్లో ఆ రోజు పాలున్నాయి, పాలే వాడాను.

ఇక్కడ ఓపిక కావాలి. తెల్లబడి ఎండిపోయిన ఆకు మళ్ళీ పచ్చబడదు. మందు పనిచేసిందా లేదా అన్నది కొత్తగా విచ్చిన చిగురాకుల్లో చూడాలి. మా పాదుకి కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి, పిందెలు నిలిచాయి. తెగులు బాగా ముదిరితే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి కొట్టమంటారు. అయితే సొర, దోస జాతి ఆకులు కొన్ని గంధకానికి మాడిపోతాయి కాబట్టి ముందు ఒకటి రెండు ఆకుల మీద కొట్టి చూడాలి. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో అసలు వద్దు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొట్టకూడదు, రెండూ కలిస్తే ఆకు కాలిపోతుంది. వంటసోడా కూడా పనిచేస్తుంది కానీ మాటిమాటికీ కొడితే ఉప్పు పేరుకుని ఆకు అంచులు మాడతాయి. కుండీల్లో వాడటం నాకిష్టం లేదు.

తోటకూర పొక్కులు రుద్దినా ఊడలేదు. పొక్కు చితికితే లోపలి నుంచి తెల్లటి పొడి వచ్చింది. ఇది తెల్లమచ్చ తెగులు. చూపుకి బూడిద తెగులుకి చుట్టంలా ఉన్నా ఇది అసలు ఆ జాతే కాదు, తడిని ఆసరా చేసుకుని పెరిగే వేరే జీవి. గంధకానికి లొంగదు. పొలాల్లో దీనికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు వాడతారు. నెల తిరక్కుండా కోతకొచ్చే ఆకుకూర మీద అది అక్కర్లేదని నా అభిప్రాయం. మచ్చలున్న మొక్కల్ని వేళ్ళతో సహా పీకేసి, ఆ మట్టిలో మెంతులు చల్లి, తోటకూర విత్తనాలు వేరే కుండీలో పలచగా వేశాను. నీళ్ళు సాయంత్రం ఆకుల మీద నుంచి పొయ్యడం మానేసి, పొద్దున పూట మొక్క మొదట్లోనే పోస్తున్నాను. ఈ పంటలో మచ్చ కనబడలేదు.

టమాటా గీతలు ఆకు తొలిచే పురుగువి. పాముపొడ అని కూడా అంటారు. ఒక చిన్న ఈగ పెట్టిన గుడ్డు నుంచి వచ్చిన పురుగు ఆకు రెండు పొరల మధ్య తింటూ పోయిన దారి అది. గీత వెడల్పైన చివర వేళ్ళ మధ్య నొక్కితే లోపలి పురుగు చస్తుంది. గీతలు ఎక్కువున్న ఆకులు తుంచేశాను, అంతే.

ఎక్కువ కష్టపెట్టింది మందార. దాని మీది దూది ముద్దలు పిండినల్లి అనే పురుగువి. దాని ఒంటి మీద మైనం పూత ఉంటుంది, మామూలుగా కొట్టిన మందు జారిపోతుంది. అందుకే మొదట పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టి ముద్దలన్నీ రాల్చాను. సందుల్లో మిగిలినవాటిని పాత టూత్‌బ్రష్‌తో తోమాను. బాగా పట్టిన కొమ్మల చివర్లు కత్తిరించేశాను. సాయంత్రం లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, అది నీళ్ళలో కలవడానికి కుంకుడు రసం వేసి కొట్టాను. చలికి వేపనూనె గడ్డకడుతుంది కాబట్టి గోరువెచ్చటి నీళ్ళలో కలిపాను. మైనం పట్టని పిల్ల పురుగులు ఎప్పటికప్పుడు పుడుతూనే ఉంటాయి. అందుకే ఒక్కసారితో ఆపకుండా వారానికోసారి కొడుతూ వచ్చాను.

అయినా మళ్ళీ మళ్ళీ వస్తుంటే కుండీ చుట్టూ చూశాను. గోడ మీద నుంచి చీమలు బారులు కట్టి మందార ఎక్కుతున్నాయి. పిండినల్లి విడిచే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాపాడతాయి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి చేరవేస్తాయి. గోడకి ఆనుకున్న కొమ్మలు కత్తిరించి, కుండీ స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. చీమల రాకపోకలు ఆగాకే పిండినల్లి అదుపులోకి వచ్చింది. ఇది చేయకుండా ఎన్ని సీసాలు కొట్టినా డబ్బు దండగే.

భూతద్దంలో చూస్తుంటే మామూలు పిండినల్లి కంటే పెద్దగా, ఒంటి నిండా తెల్లటి పోగులతో, చకచకా నడిచే పురుగులు కొన్ని కనబడ్డాయి. దయచేసి వాటిని చంపకండి. అవి క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగు పిల్లలు, పిండినల్లినే తిని బతుకుతాయి. అవి ఉన్న కొమ్మల్ని వదిలేసి మిగతా చోట్లే వేపనూనె కొట్టాను. బొప్పాయి పిండినల్లి 2008లో మన దేశంలో బయటపడి తోటల్ని పాడుచేసినప్పుడు కూడా, దాన్ని అదుపు చేసింది 2010లో ప్యూర్టో రికో నుంచి తెప్పించి వదిలిన చిన్న కందిరీగే.

ఇవన్నీ నడుస్తుండగానే పిన్నిగారు తన గులాబీ ఆకులు పట్టుకొచ్చారు. ఆకు పైన మాత్రమే, నీటిచుక్క ఎండిన ఆకారంలో తెల్ల మరకలు. నిమ్మరసంలో ముంచిన గుడ్డతో తుడిస్తే పోయాయి. అది తెగులు కాదు, బోరు నీళ్ళలోని సున్నం. పిన్నిగారికి ఆకుల మీద కాకుండా మొదట్లో నీళ్ళు పొయ్యమని చెప్పాను, మందేమీ కొట్టొద్దన్నాను. ఇప్పుడు ఆవిడ కూడా ఏ ఆకు మీద తెలుపు కనబడినా ముందు వేలితో రుద్ది చూస్తున్నారు.