చెట్టు నరికిన నలుగురు

ఐర్లండ్ రాక్ బృందం యూటూ 1991 నవంబరులో విడుదల చేసిన 'ఆక్టుంగ్ బేబీ' ఆల్బమ్ గురించి రాసేవారు ముందుగా దాని శబ్దం గురించే రాస్తారు. గిటార్ ఎంత గరుకుగా మారిందో, డ్రమ్ముల పక్కన యంత్రాల దరువు ఎలా చేరిందో చెబుతారు. అసలు మార్పు మాటల్లో జరిగిందని నా నమ్మకం.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసే మనిషిని నేను. కానీ పెరిగింది పాటల మధ్య. మా నాయన సభల్లో డప్పు కొట్టి పాడేవాడు. సుద్దాల హనుమంతు పాటలు ఊరూరా మోగిన జిల్లా మాది. ఇక్కడ పాటంటే వేదికెక్కి జనాన్ని పిలవాలి, అన్యాయాన్ని వేలెత్తి చూపాలి. యూటూ నాకు మొదట నచ్చింది కూడా అందుకే. 1972లో ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో బ్రిటిష్ సైనికులు జరిపిన కాల్పుల నేపథ్యంలో వాళ్లు 1983లో పాట కట్టారు. 1987 నాటి 'ద జాషువా ట్రీ' ఆల్బమ్‌లో, మాయమైపోయిన బిడ్డల కోసం ఎదురుచూసే తల్లుల పాట ఉంది. భాష వచ్చి ఉంటే ఆ పాటను మా నాయన కూడా పాడేవాడు.

ఆ ఆల్బమ్‌తో ప్రపంచమంతా పేరొచ్చింది. మరుసటి ఏడాది చేసిన 'రాటిల్ అండ్ హమ్' మీద మాత్రం, తమను తాము మరీ గొప్పగా చూసుకుంటున్నారని విమర్శకులు విరుచుకుపడ్డారు. 1989 చివర్లో డబ్లిన్ వేదిక మీద, ఇక వెళ్లిపోయి అంతా మళ్లీ కొత్తగా కలగనాలని గాయకుడు బోనో ప్రేక్షకులకు చెప్పాడు. 1990 అక్టోబరులో, రెండు జర్మనీలు ఒకటవుతున్న రోజుల్లో, 'ఆక్టుంగ్ బేబీ' కోసం బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోకు చేరారు. అక్కడ పోట్లాడుకున్నారు. బోనో, గిటార్ వాయించే ఎడ్జ్ కొత్త దరువుల వైపు లాగితే, డ్రమ్ముల లారీ ముల్లెన్, బేస్ గిటార్ ఆడమ్ క్లేటన్‌లకు అది రుచించలేదు. బృందం విడిపోతుందేమో అన్న స్థితిలో, ఊరికే వాయిస్తూ ఉండగా 'వన్' పుట్టింది. మిగతా పని చాలావరకు డబ్లిన్‌లోనే పూర్తయింది. జాషువా చెట్టును నలుగురు నరుకుతున్న చప్పుడే ఈ ఆల్బమ్ అని బోనో తర్వాత అన్నాడు.

'వన్'ను చాలామంది పెళ్లిళ్లలో పెట్టుకుంటారు. అది ఒకరినొకరు గాయపరచుకున్న ఇద్దరి మాట. ప్రశ్న మీద ప్రశ్న వస్తుంది, జవాబు రాదు. ఒకసారి మా నాయనకు చరణం చరణం అర్థం చెప్పి వినిపించాను. "ఇద్దరిలో తప్పెవరిది?" అని అడిగాడు. తెలియదు నాయనా అన్నాను. "అయితే మంచి పాటే," అని మళ్లీ పెట్టమన్నాడు. జీవితమంతా తప్పెవరిదో తేల్చి చెప్పే పాటలు పాడిన మనిషి ఆయన.

'అంటిల్ ది ఎండ్ ఆఫ్ ద వరల్డ్' ఇంకా సాహసం. అందులో మాట్లాడేది ఏసును పట్టించిన శిష్యుడు యూదా, వినేది ఏసు. ఆఖరి భోజనం, తోటలో పెట్టిన ముద్దు, ఆ తర్వాత పశ్చాత్తాపంలో మునగడం, అన్నీ ద్రోహి నోటనే వస్తాయి. మా వైపు చిందు భాగవతంలో దుష్టపాత్ర కూడా తన దరువుతో తానే వచ్చి తన కథ చెప్పుకుంటుంది. ఈ పాట వింటే నాకు ఆ ఠీవి కనిపిస్తుంది. పదేళ్లుగా లోకంలోని పాపాన్ని చూపిస్తూ వచ్చిన గొంతు, ఇక్కడ పాపి పక్కన నిలబడింది. గిటార్ ఎంత మారినా, ఈ ఒక్క అడుగు వేయకపోతే అది కొత్త ఆల్బమ్ అయ్యేది కాదు.

అన్నీ ఒకే స్థాయిలో లేవు. తాగి తెల్లవారుజామున ఇంటికి నడిచే మనిషి పాట నాకు తేలికగా అనిపిస్తుంది, దాన్ని దాటేస్తాను. చివరి మూడింటిని మాత్రం విడదీయకుండా వినాలి. 'అల్ట్రావయొలెట్'లో వెలుగు చూపమని వేడుకుంటాడు, 'ఆక్రొబాట్'లో తన మాటకూ చేతకూ పొంతన లేదని ఒప్పుకుంటాడు, 'లవ్ ఈజ్ బ్లైండ్‌నెస్'లో చీకట్లోకి దిగిపోతాడు. ఎడ్జ్ కాపురం విడిపోతున్న కాలమది. ఆఖరి పాటలో అతని గిటార్ వింటే ఆ సంగతి విడిగా చెప్పనక్కర లేదు.

2019 డిసెంబరులో యూటూ తొలిసారి మన దేశానికి వచ్చినప్పుడు నవీ ముంబయి వెళ్లాను. 'జాషువా ట్రీ' మొత్తం పాడారు, 'వన్' కూడా పాడారు. 'ఆక్రొబాట్' పాడలేదు. 1991లో వచ్చిన ఆ పాటను వాళ్లు మొదటిసారి వేదిక మీద పాడింది 2018లో. ఆ మాటలను జనం ముందు పలకడానికి అంత కాలం పట్టడం నాకు సబబుగానే తోచింది.