ఏ పన్నూ ఊడకుండా వచ్చిన పన్ను

నిన్న సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో మా పెద్దమ్మాయి మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) రెండు గుప్పిళ్లు తిని పొట్లం నా చేతిలో పెట్టేసింది. దాని కోసం దారంతా పేచీ పెట్టే పిల్ల వద్దంటే నేను ఆగి అడగాల్సింది. అడగలేదు. ఇంట్లో అన్నం అంతా ఎడమ బుగ్గనే పెట్టుకుని నములుతుంటే "సరిగ్గా తిను" అని కసిరాను కూడా. రాత్రి చెవి పట్టుకుని ఏడ్చింది. కెరటాల్లో ఆడింది కదా, చెవిలో నీళ్లు పోయుంటాయి అనుకున్నాను.

పొద్దున బాల్కనీలో కూర్చోబెట్టి, "ఏదీ, ఆ అను తల్లీ" అని ఫోన్ లైటు వేసి చూశాను. కింది దవడలో కుడివైపు, పళ్లవరస అయిపోయిన చోట, చిగురు ఉబ్బి ఎర్రగా ఉంది. అందులోంచి బియ్యపు నూకలంత తెల్లటి మొనలు రెండు పైకొచ్చాయి. వెనక సగం మీద చిగురు ఇంకా కప్పుకునే ఉంది. దాని కింద నిన్నటి పల్లీ ముక్క ఒకటి ఇరుక్కుపోయి ఉంది. పాపం, రాత్రంతా దాన్ని అలాగే పెట్టుకుని పడుకుంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఎంవీపీ కాలనీలో పిల్లల పళ్ల డాక్టరు గారికి చూపించాం. ఆరేళ్ల దవడ పన్నట. పాలపళ్లు 20 ఉంటాయి కదా, వాటిలో ఏదీ దీనికోసం ఊడకుండానే వాటన్నిటి వెనక ఇది వచ్చేస్తుంది. అందుకే చాలామంది దీన్నీ పాలపన్నే అనుకుని, పుచ్చినా ఊడిపోయేదే కదా అని వదిలేస్తారట. కానీ ఇది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దవడ చివర నొప్పి చెవిలోకి లాగుతుందనీ, చెవిపోటు తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించమనీ చెప్పారు. ఇంకో మాట కూడా అన్నారు: ఈ పన్ను తయారవడం దాదాపు పాప పుట్టినప్పుడే మొదలైందట. నేను పొత్తిళ్లలో ఎత్తుకున్నప్పటి నుంచీ ఆ చిగురు కింద ఇది పెరుగుతూనే ఉందన్నమాట.

ఇంటికొచ్చేసరికి చిన్నాడి చొక్కా చొంగతో తడిసి ముద్దయింది. వాడికి రెండేళ్ల రెండు నెలలు. చివరి పాల దవడ పళ్లొస్తున్నాయి, నాలుగు వేళ్లూ నోట్లోనే. అత్తయ్య లవంగ నూనె సీసా తీశారు. చిగురు మండుతుందనీ, పసివాడు మింగితే ప్రమాదమనీ డాక్టరు గారు చెప్పింది చెబితే, "అలాగేటమ్మా" అని వెంటనే లోపల పెట్టేసి, తడి గుడ్డ ఫ్రిజ్‌లో చల్లబరిచి తెచ్చారు. వాడు దాన్ని కొరుకుతూ గంటసేపు ఆవిడ ఒళ్లోనే కూర్చున్నాడు. గడ్డకట్టినవి మాత్రం ఇవ్వొద్దన్నారు డాక్టరు గారు, చిగురు మరీ దెబ్బతింటుందట.

జ్వరం సంగతి ఇక్కడ రాసి పెట్టుకోవాలి. పోయిన నెల వాడికి 102 వస్తే పళ్లొస్తున్నాయిలే అని రెండు రోజులు ఊరుకున్నాం. తీరా చూస్తే గొంతు ఇన్ఫెక్షన్. పళ్లకి ఒళ్లు కాస్త వెచ్చబడొచ్చు గానీ 100.4 దాటితే అది పళ్ల జ్వరం కాదు, వేరే కారణం వెతకాలి. నొప్పి మరీ ఎక్కువైతే పారాసెటమాల్, అదీ వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. ఆస్పిరిన్ పిల్లలకి వద్దే వద్దు.

మధ్యాహ్నం ఈయన రైతు బజార్ వైపు వెళ్లి తాటి ముంజలు తెచ్చారు. తొక్క తీసి చల్లబెట్టాను. పెద్దదానికి ముక్కలు, చిన్నాడికి మెత్తగా మెదిపి. నిన్నటి నుంచీ సరిగ్గా తినని పెద్దది "ఇంకోటి పెట్టమ్మా" అని అడిగింది.

రాత్రి గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలింపించాను. కొత్త పన్ను పక్క పళ్లకంటే కిందకి ఉంది కాబట్టి మామూలుగా తోమితే బ్రష్ పైనుంచి పోతుంది. బుగ్గ పక్కనుంచి అడ్డంగా పెట్టి ఆ ఒక్కదాన్నీ మెల్లగా తోమాలి. తోముతుంటే నా మణికట్టు పట్టుకుని అడిగింది. కింది ముందు పళ్లు ఊడినప్పుడు నాన్నమ్మ వాటిని మేడ మీదకి విసిరింది కదా, మరి దీనికి ఏం విసరాలని.

అత్తయ్య పక్క గదిలోంచి విన్నారు. రేపు పొద్దున మేడ మీదకి తీసుకెళ్లి పిట్టలకి బియ్యం వేయిస్తానన్నారు.