రెండు గోలీలు, రెండు వేళలు

మా వాడకట్టులో అందరూ "షుగర్ గోలీ" అనే అంటారు, అది ఒక్కటే మందు అయినట్టు. నాకు డాక్టరమ్మ రాసినవి రెండు. రెండూ చిన్నవే, కానీ ఒకటి అన్నంతో పాటు వేసుకునేది, ఇంకొకటి తినడానికి ముందు వేసుకునేది. ఆ తేడా ఎందుకో తెలుసుకోవడంతోనే నా వైద్యం సగం అయిపోయింది.

హన్మకొండలో మా ఇంటి ముందు గదిలోనే నా కుట్టు మిషన్. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూస్తూ ఆశా కార్యకర్త మా ఇంటికి వచ్చినప్పుడు బయటపడింది. "అక్కా, దవాఖానకు పోయి పరగడుపున చూపించుకో" అంది. చూపిస్తే పరగడుపున 182, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 వస్తేనే షుగర్ కింద లెక్క. ఇక అనుమానం ఏముంది?

మొదట మెట్‌ఫార్మిన్ 500, రాత్రి అన్నంతో ఒకటి. తర్వాత పొద్దున కూడా. కాలేయం రక్తంలోకి వదిలే చక్కెరను ఇది తగ్గిస్తుంది. ఒక్కటే వాడితే షుగర్ మరీ పడిపోవడం అరుదు, కానీ కడుపును సతాయిస్తుంది. స్ట్రిప్ చింపితే ఎండుచేపల వాసన, వేసుకుంటే గడబిడ, విరేచనాలు. "నీకు పడుతలేదు, బంద్ చెయ్యి వదినె" అంది మా ఆడబిడ్డ. ఇట్లా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండడంతో ఆపలేదు. నాలుగు ముద్దలు తిన్నాక మధ్యలో వేసుకోమంది. మెల్లగా సర్దుకుంది.

అయినా అంకె దిగాల్సినంత దిగలేదు. అప్పుడు గ్లిమెపిరైడ్ 1 ఎం.జి. కలిపింది, పొద్దున టిఫిన్‌కు ముందు. "అమ్మా, ఇది వేరే తీరు. ఇన్సులిన్ వదలమని క్లోమాన్ని తోలుతుంది. నువ్వు తిన్నా తినకపోయినా దాని పని అది చేస్తుంది. ఒక్కపొద్దులు ఉంటవా?" అని అడిగింది. శివరాత్రికి వేయిస్తంభాల గుడికి పోయి ఒక్కపొద్దు ఉంటానని చెప్పాను. అలాంటి రోజుకు ముందు తనను అడగకుండా ఈ గోలీ వేసుకోవద్దంది.

బతుకమ్మ ముందు రోజుల్లో జాకెట్ల పని ఎట్లా ఉంటుందో కుట్టేవాళ్లకు తెలుసు. ఆ మధ్యాహ్నం ఒకామె కొలత చూసుకోవడానికి వచ్చి కూర్చుంది, అన్నం ఆలస్యమైంది. సూదిలో దారం ఎక్కడం లేదు. కళ్లజోడు తుడిచాను. మళ్లీ ఎక్కలేదు. చూస్తే వణుకుతున్నది వేళ్లు. ఫ్యాను తిరుగుతున్నా మెడ వెనక చల్లటి చెమట, ఊరికే కోపం. వేలు గుచ్చి చూస్తే 58. డెబ్బైకి తగ్గితే ఆగొద్దన్న మాట గుర్తుంది. మూడు చెంచాల చక్కెర గ్లాసు నీళ్లలో కలుపుకుని తాగాను. వచ్చినామె పాపం కంగారుపడి పక్కింటి నుంచి లడ్డు తెచ్చింది. వద్దన్నాను. నెయ్యి ఉన్నది తింటే తీపి రక్తంలోకి ఎక్కడం ఆలస్యమవుతుంది. పావుగంటకు మళ్లీ చూస్తే 91. అప్పుడు కూర్చుని పప్పన్నం తిన్నాను. ఆ పావుగంట ఎంత పొడవుందో చెప్పలేను.

నోట్‌బుక్‌లో రాసుకున్న అంకెలన్నీ డాక్టరమ్మకు చూపించాను. అప్పటికి రాత్రిపూట జొన్నరొట్టె, పొద్దున భద్రకాళి బండ్ మీద నడక అలవాటై బరువు కూడా తగ్గింది. హెచ్‌బీఏ1సీ 6.7. గ్లిమెపిరైడ్ తీసేసింది. ఇప్పుడు మెట్‌ఫార్మిన్ ఒక్కటే.

మా పక్కింటి అక్కది వేరే చిక్కు. మందుల షాపులో ఆమె మామూలుగా వాడే కంపెనీ లేక వేరేది ఇచ్చారు. ఆమె పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటోంది. స్ట్రిప్పులు తిప్పి చూస్తే రెండింటి మీదా చిన్న అక్షరాల్లో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిపే ఉన్నాయి. పేరు పెద్దగా, మందు చిన్నగా అచ్చేసే ఈ పద్ధతి నాకైతే అస్సలు నచ్చదు. ఎస్.ఆర్. అని రాసి ఉన్న గోలీని ఆమె నూరి వేసుకుంటోంది కూడా. అది మెల్లగా కరగడానికి చేసినది, నూరితే మందంతా ఒక్కసారే దిగుతుంది. అదే రోజు ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఇక నేరేడు గింజల పొడి మొదలుపెట్టి గోలీలు మానేసిన మా మేనమామ సంగతి చెప్పాలంటే ఇంకో కథ అవుతుంది.

నాకు ఈ మధ్య అరికాళ్లలో తిమ్మిర్లు. షుగర్ వల్లా కావచ్చు, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గడం వల్లా కావచ్చునంది డాక్టరమ్మ. కిడ్నీ పనితీరు బాగా తగ్గితే ఈ మందు ఇవ్వరు కాబట్టి, అది తెలిపే క్రియాటినిన్ కూడా ఏటా చూడాలట. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, రంగు మందు ఎక్కించే స్కాన్ ఏదైనా రాసినా ముందు తనకు ఫోన్ చేయమంది. సోమవారం పరగడుపున రక్తం ఇచ్చి రావాలి.