అవ్వ బొటనవేలు, కోటి రూపాయల కాగితం

శనివారం, రాత్రి పదిన్నర

మే 20న, తొలి తెలుగు కార్టూనిస్టు తలిశెట్టి రామారావు గారి పుట్టినరోజైన తెలుగు కార్టూనిస్టుల దినోత్సవానికి మిత్రులం కలిసి పెట్టుకునే చిన్న ప్రదర్శన కోసం నేను ఇవ్వవలసిన మూడు బొమ్మల్లో రెండు ఎప్పుడో పూర్తయ్యాయి. రాజకీయ పార్టీలకు విరాళం ఇచ్చేందుకు 2018 నుంచి 2024 దాకా స్టేట్ బ్యాంకు అమ్మిన ఎన్నికల బాండ్ల మీద వేస్తున్న మూడవదాని కోసం ఉదయం ఆరింటికి కూర్చుంటే, అది ఇప్పటికి గాని ఒక కొలిక్కి రాలేదు.

ఈ బొమ్మ ఆలోచన మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న అవ్వ వల్ల పుట్టింది. ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛను కోసం ఆమె పోయిన వారం రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ ఒట్టి చేతులతో తిరిగి వచ్చింది. "వేలు పడ్తలేదు బిడ్డా, మల్ల రమ్మన్నరు" అని మాత్రం చెప్పి, మళ్లీ బొగ్గులు రాజేసుకుంది. ఏళ్ల తరబడి వేడి పెట్టె పట్టి అరిగిపోయిన ఆ బొటనవేలిని యంత్రం గుర్తుపట్టకపోతే, ఆమె ఆమే అని ఋజువు చేసుకునే భారం కూడా ఆమె మీదే పడుతోంది.

ఉదయం వేసిన చిత్తు బొమ్మలో రెండు కిటికీలు ఉన్నాయి. ఒకదాని ముందు అవ్వ యంత్రం మీద వేలు నొక్కుతూ ఉంటుంది. రెండవదాని ముందు ఒక పెద్దమనిషి కోటి రూపాయల బాండు అందుకుంటూ ఉంటే, లోపలి గుమాస్తా "తమరి పేరు అక్కర్లేదు" అంటూ ఉంటాడు. గీత బాగా వచ్చిందని సంతోషపడ్డాను కూడా. అయితే మధ్యాహ్నం అన్నం తిని వచ్చి మళ్లీ చూసుకునేసరికి అది అబద్ధపు బొమ్మ అని అర్థమైంది. బాండు కొనేవాడు స్టేట్ బ్యాంకుకు తన వివరాలన్నీ ఇవ్వవలసి వచ్చేది. కాగితం మీద పేరు ఉండేది కాదు గాని బ్యాంకుకు అతడెవరో తెలుసు. పైగా మామూలు కంటికి కనబడని ఒక సంఖ్య ఆ కాగితం మీద ఉందని, అతినీలలోహిత కాంతిలో మాత్రమే అది కనిపిస్తుందని 2018లోనే ఒక పాత్రికేయురాలు బాండు కొని, ప్రయోగశాలలో పరీక్ష చేయించి బయటపెట్టింది. కొన్నవాడికి తెలుసు, బ్యాంకుకు తెలుసు, పుచ్చుకున్న పార్టీకి తెలియకుండా ఉంటుందని నమ్మడం కష్టం. అప్పుడు తెలియనిది ఓటు వేసే అవ్వకు మాత్రమే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఈ పథకాన్ని కొట్టివేసినప్పుడు ప్రధానంగా చెప్పింది కూడా ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందనే కదా. "పేరు అక్కర్లేదు" అన్న నా మాట ఆ అసలు దోషాన్ని కప్పేసి, లేని దోషాన్ని చూపిస్తోంది. వ్యంగ్యం పేరుతో నిజాన్ని ఎంతైనా సాగదీయవచ్చునని నేను అనుకోను. ఒక్క వివరం తప్పయితే చాలు, ఆ బొమ్మ ఎవరిని నిలదీస్తుందో వారే దానిని చూపించి తప్పించుకుంటారు.

సాయంత్రం దాకా ఏమీ గీయలేక, ఫ్రెంచి చిత్రకారుడు దోమియే 1831లో వేసిన ‘గార్గాంచువా’ను ముందు పెట్టుకుని కూర్చున్నాను. పేదలు బుట్టల్లో వేసిన నాణేలను మనుషులు మోసుకుంటూ, పొడవాటి చెక్క మీదుగా ఎక్కి, లూయీ ఫిలిప్ రాజు నోట్లో కుమ్మరిస్తూ ఉంటారు. ఆ బొమ్మకు అతడు ఆరు నెలల జైలుశిక్ష అనుభవించాడు. బొజ్జ నాయకుణ్ణీ డబ్బు సంచినీ ఎవరైనా వేస్తారు, చూసి చూసి అలాంటి బొమ్మకు ఎవరూ ఉలిక్కిపడడం లేదు. దోమియే మాత్రం మింగడంతో ఆగలేదు. సింహాసనం కింది నుంచి పదవులూ బిరుదులూ కాగితాలుగా రాలుతుంటే కావలసినవాళ్లు ఏరుకోవడం కూడా చూపించాడు. సొమ్ము ఎక్కడ లోపలికి పోతోంది, బదులుగా ఏది ఎక్కడ బయటికి వస్తోంది అనే రెండు చివరలూ ఒకే కాగితం మీద ఉన్నాయి. బాండ్ల విషయంలో ఓటరుకు దక్కనిది సరిగ్గా ఆ రెండు చివరలనూ కలిపి చూసే అవకాశమే. కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదన్న పరిమితిని 2017లో తొలగించాక, నష్టాల్లో ఉన్న సంస్థ సైతం ఇవ్వగలిగింది. ఎందుకు ఇస్తోందని అడుగుదామంటే అడగవలసినవాళ్లకు పేరే తెలిసేది కాదు.

అప్పుడు కిటికీలు రెండూ తీసేశాను. కొత్త బొమ్మలో ఒకే బల్ల, దాని మీద ఒకే దీపం ఉన్నాయి. దీపాన్ని వంచి పట్టుకున్న చెయ్యి అవ్వ బొటనవేలి మీదికే వెలుగంతా పంపుతోంది. అదే బల్ల మీద, ఆ చేతికి జానెడు దూరంలో, చీకట్లో కోటి రూపాయల కాగితం ఉంది. మాటలేవీ రాయలేదు.

ఎనిమిదింటికి బట్టలు ఇవ్వడానికి అవ్వ వచ్చినప్పుడు, ఆమె వేలునే వేశాను గనుక ఆమెకు చూపించడం ధర్మమనిపించి బొమ్మ ముందు పెట్టాను. దీపం గురించీ కాగితం గురించీ నేను చెబుతుంటే ఓపికగా వింది. తర్వాత బొటనవేలి దగ్గరికి వంగి, చాలాసేపు చూసింది.

"నా వేలికి గిన్ని గీతలు యాడున్నయి బిడ్డా?" అంది.

నేను అలవాటుగా, అందంగా, సుడులు సుడులుగా వేలిముద్ర గీసేశాను. ఆమె వెళ్లాక సన్నటి కుంచెతో తెల్లరంగు తీసుకుని ఆ గీతలను ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చాను. అంచున రెండు మూడు మిగిలాయి. రంగు ఇంకా ఆరలేదు.