గూబెలుగు

మొన్న దసరాకు నల్లగొండ వచ్చిన అక్క కొడుక్కి నెట్‌హాక్ చూపించాను. 1987లో వచ్చిన కంప్యూటర్ ఆట. బొమ్మలుండవు, అన్నీ అక్షరాలే. చిన్న 'డి' కనిపిస్తే కుక్కజాతి, 'ఎఫ్' అయితే పిల్లిజాతి. "మామా, గిదేం గేమ్?" అని నవ్వాడు.

నాకు మాత్రం అందులోని పేర్లంటేనే ఇష్టం. మన వెంట తిరిగే కుక్క బలపడేకొద్దీ పేరు మారుతుంది: చిన్న కుక్క, కుక్క, పెద్ద కుక్క. ఇంతేనా అనిపించింది. మా అమ్మమ్మ కొట్టంలో లేగ, దూడ, పెయ్య, కోడె, ఎద్దు అని ఎన్ని మెట్లుండేవో!

ఇంగ్లీషు ఆటల్లో జంతువు రాక్షసం కావాలంటే ముందు 'జెయింట్' తగిలిస్తారు, లేదంటే 'డైర్', అంటే భయంకరమైన అని. డైర్ వుల్ఫ్ నిజంగానే ఒకప్పుడు అమెరికా ఖండాల్లో తిరిగి అంతరించిన జంతువు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వాళ్లు ఆ మాటను ఎలుక్కీ, ఎలుగుబంటికీ కూడా అంటించారు. మనకైతే 'రాచ' ఉంది కదా, రాచనాగులో ఉన్నది. రాచతేలు అంటే చాలు, వెన్నులో చలి పుడుతుంది.

ఇలా పేర్లన్నీ తెలుగులో చెబుతుంటే అసలు చిక్కు అవుల్‌బేర్ అనే వింత జంతువుతో వచ్చింది. గుడ్లగూబ తల, ఎలుగు ఒళ్లు. హాంకాంగ్‌లో తయారైన చవక ప్లాస్టిక్ బొమ్మను చూసి పుట్టిందట. నేను 'గూబెలుగు' అన్నాను. అచ్చంపేటలో పుట్టిన అమ్మమ్మ పక్కనుంచి విని, "గుడ్డెలుగా? మా దిక్కు నల్లమలల మస్తుండేటియి" అంది. వాళ్ల వైపు ఎలుగుబంటిని గుడ్డెలుగు అంటారు.

పిల్లాడు అప్పటికే ఫోన్ తీశాడు.